ఏడు తరాల తాళం

తెరెక్-సాజ్‌లో బాత్మా ఇల్లెక్కడని అడిగితే, "ఏ బాత్మా? పుస్తకాల బాత్మానా, పాస్‌వర్డుల బాత్మానా?" అని ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు. ఊళ్ళో ఉన్నది ఒక్క బాత్మానే. పుస్తకాలూ ఆవిడే, పాస్‌వర్డులూ ఆవిడే. కొత్తవాళ్ళని ఒక్క క్షణం తికమక పెట్టి నవ్వుకోవడం వాళ్ళకో సరదా. ఇప్పుడెవరూ అలా అడగరు. చేత్తో అటు అని చూపించి తమ దారిన తాము వెళ్ళిపోతారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట కనుమ అవతలి ఊరి నుంచి సతార్‌కుల్ ఇంటికి పెద్ద కోడలిగా వచ్చిందావిడ. వచ్చిన మూడో ఏడు గ్రంథాలయంలో పని దొరికింది. గ్రంథాలయమంటే ఊరి కార్యాలయ భవనంలో మూలగది. పిడకల పొయ్యి, రెండు బల్లలు, కప్పు దాకా పేర్చిన రష్యన్ పుస్తకాలు. చలికాలం జనం పొయ్యి కోసం వస్తారు, మర్యాదకి ఒక పుస్తకం తెరిచి ముందు పెట్టుకుంటారు. తలకిందులుగా తెరిచినా బాత్మా ఏమీ అనదు. టీ పోస్తుంది, వాళ్ళు చెప్పేది వింటుంది. ఎవరి ఆవు ఈనింది, ఎవరి కోడలు అలిగింది, ఏ కొండ మీద మంచు ముందు కరిగింది, అన్నీ ఆ గదిలోకే వచ్చేవి.

ఒక ఏడాది ఆ గదికి కంప్యూటర్ కూడా వచ్చింది. అట్టపెట్టెలో దింపి, సంతకం తీసుకుని వెళ్ళిపోయారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే నాథుడు లేడు. నాలుగు నెలలు దాని మీద గుడ్డ కప్పే ఉంది. తరవాత ఒక మధ్యాహ్నం, గదిలో ఎవరూ లేనప్పుడు, బాత్మా గుడ్డ తీసి మీట నొక్కింది. అది పేలలేదు. అక్కడి నుంచి ఆవిడ ఆగలేదు. తప్పు చేయడం, మొదటికి రావడం, మళ్ళీ చేయడం. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో ఎవరి ఫోన్ మొరాయించినా బాత్మా దగ్గరికే.

తరవాత ఆ కొత్త పద్ధతి వచ్చింది. వేసవి మేతకి ఏ కొండ ఎవరిదో రాసిచ్చే చీటీ ఇదివరకు ఊరి కార్యాలయంలో, చలికాలం చివర్లో, చేత్తో రాసి ముద్ర కొట్టి ఇచ్చేవాళ్ళు. ఇక నుంచి ప్రతి ఇంటికీ ఆన్‌లైన్‌లో ఒక ఖాతా ఉండాలట. ఆ ఖాతాలోంచే చీటీ పొడిగించుకోవాలి, లేదా వదులుకోవాలి. వదులుకున్న కొండ అడిగిన ఇంకొకరికి పోతుంది. తెరెక్-సాజ్‌లో నలభై మూడు ఇళ్ళు. గొర్రెలు, గుర్రాలు తప్ప వేరే బతుకు లేని ఇళ్ళు. జూన్‌లో మంద కొండెక్కకపోతే చలికాలానికి మంద ఉండదు. నలభై మూడు ఇళ్ళూ మూలగది ముందు వరస కట్టాయి.

ఖాతాతో పాటు ఒక కరపత్రం పంపారు. బలమైన పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలని. బాత్మా దాన్ని మూడుసార్లు చదివి పొయ్యి పక్కన గోడకి అంటించింది. పన్నెండు అక్షరాలకి తగ్గకూడదు. పుట్టిన ఏడు పెట్టకూడదు. పెళ్ళాం పేరు, కుక్క పేరు పెట్టకూడదు. ఇద్దరు ఒకటే పెట్టుకోకూడదు. ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా రాసిపెట్టుకోకూడదు.

మొదట వచ్చినవాడు పక్కింటి షేషెన్. నోరు మూసుకుని కూర్చోవడం చేతకాని మనిషి.

"ఏం పెట్టుకుందాం, షేషెన్ బైకె?" అంది బాత్మా. తనకన్నా పెద్దవాడు కాబట్టి బైకె అంటుంది.

"తోరు-కాష్కా."

"అది మీ గుర్రం పేరు కదా."

"గుర్రం పేరు కాక నీ పేరు పెట్టుకోనా? మా ఆవిడ నన్ను బతకనిస్తుందా?"

"ఆ గుర్రం పేరు లోయంతా తెలుసు బైకె. రెండు పందేలు గెలిచింది. దొంగ ముందు అదే కొట్టి చూస్తాడు."

"గెలిస్తే దాని తప్పా? ఓడిపోయిన గుర్రం పేరు పెడదామా పోనీ? మీ ఆయనది ఉందిగా!"

పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. బాత్మా కూడా నవ్వింది. కానీ నాలుగు రోజులు తిరక్కుండానే నవ్వు పోయింది. పెట్టిచ్చిన పాస్‌వర్డులు ఒక్కరికీ గుర్తులేవు. ఒకడు జీను మీద కత్తితో చెక్కుకున్నాడు, ఆ జీను బావమరిదికి అరువిచ్చాడు. ఇంకొకాయన కొట్టం గోడ మీద సున్నపుముక్కతో రాసుకుంటే ఆవు నాకేసింది. "ఎజె, మళ్ళీ చెయ్యి" అంటూ ఒక్కొక్కరూ వెనక్కి వచ్చారు. అక్కా అన్నట్టు ఎజె, ఎజె అని పిలుస్తూ ఆ చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ తన చుట్టూ మూగుతుంటే బాత్మాకి విసుగు కన్నా జాలే ఎక్కువ వేసింది. వందల గొర్రెల్లో ఏది ఎవరిదో ముఖం చూసి చెప్పేవాళ్ళు, అర్థం లేని పన్నెండు అక్షరాలు ఒక్క పూట గుర్తుపెట్టుకోలేకపోతున్నారు. ఎవరూ మరిచిపోలేనిది ఏదైనా ఉండాలి. పొడుగ్గా ఉండాలి. పుస్తకాల్లో దొరకనిది అయి ఉండాలి.

అది ఆవిడకి బోర్సోక్ వేయిస్తుండగా తట్టింది. పిండిముక్కలు నూనెలో మాడిపోతున్నా చూసుకోకుండా నిలబడిపోయింది.

ఏడు తరాలు.

ఇక్కడ ఎవర్నయినా నువ్వు ఎవరి బిడ్డవని అడిగితే తండ్రి పేరు చెప్పి ఆగిపోకూడదు. తండ్రి, తాత, ముత్తాత, అలా ఏడుగురి పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. మాటలు వచ్చినప్పటి నుంచి నేర్పుతారు. నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. చెప్పలేనివాడికి పిల్లనివ్వడానికి వెనకాడతారు. ఏడు పేర్లూ కలిపి ఖాళీ లేకుండా కొడితే యాభై అక్షరాలు దాటుతాయి. కరపత్రం అడిగింది పన్నెండే.

"ప్రపంచంలో ఏ దొంగకి తెలుస్తాయి మన తాతల పేర్లు?" అంది మర్నాడు పొయ్యి దగ్గర. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కళ్ళలో దొంగంటే ఎక్కడో పెద్ద నగరంలో, కళ్ళద్దాలు పెట్టుకుని, మనదికాని భాష మాట్లాడే మనిషి. అంతకు మించి ఆవిడ ఊహ వెళ్ళలేదు. అక్కడున్నవాళ్ళలో ఇంకొకరి ఊహ కూడా వెళ్ళలేదు.

వారంలో నలభై మూడు ఇళ్ళకీ తాళాలు పడ్డాయి. ఒక్కరూ మరిచిపోలేదు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా విని వచ్చి అదే చేయించుకుపోయారు. జిల్లా నుంచి వచ్చిన ఒక అధికారి, ఈ ఊళ్ళో ఒక్క ఫిర్యాదూ లేదేమిటని ఆశ్చర్యపోయి బాత్మా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ రోజు ఆవిడ ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పకుండా కొత్త తలగుడ్డ కట్టుకుంది.

మామగారు సతార్‌కుల్ ఖాతా మాత్రం ఆవిడ కొట్టలేదు. కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోటితో పలకకూడదు, వీలైతే చేత్తో రాయకూడదు కూడా. మామగారి తాతల్లో ఒకాయన పేరు బోరుబాయ్. తోడేలు పేరు కలిసిన పేరది. అందుకని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా బాత్మా తోడేలుని తోడేలు అనలేదు, ఊళగాడు అంటుంది. మొదటి చలికాలం నిజంగానే తోడేలు కొట్టంలో దూరితే, "ఊళగాడొచ్చాడు! ఊళగాడొచ్చాడు!" అని అరిచింది. మగవాళ్ళు గొడ్డలి వదిలేసి నవ్వారు.

అందుకే ముసలాయన తనే ఒంటివేలితో కొట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. బాత్మా ముఖం గోడవైపు తిప్పుకుని నిలబడింది.

"అమ్మాయ్, మమిర్‌కాన్ తరవాత ఎవరు? నాకు గుర్తు రావట్లేదు. కాస్త చెప్పు."

"అతా, ఊరుకోండి." మామగారిని కూడా నాన్నా అన్నట్టు అతా అనే పిలుస్తుంది.

"నిజంగానే మరిచిపోయానే! డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆ, ఆ, ఊళగాడు కదూ?"

కోడలి చెవులు ఎర్రబడటం చూసి ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. తనకంటూ ఫోన్ లేదాయనకి. ఖాతాకి బాత్మా ఫోన్ నంబరే ఇచ్చారు.

సతార్‌కుల్‌ది చోలోక్-తోర్. ఊరి నుంచి మందతో రెండు రోజుల దారి. మూడు వాగులు కలిసే చోట గిన్నెలాంటి పచ్చిక. గాలి తగలదు, నీళ్ళకి కొదవ లేదు. ఆయన పుట్టింది అక్కడే, జులై నెలలో, గుడారంలో. గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిన వయసు నుంచి ఒక్క వేసవి తప్పలేదు. కిందటేడు మోకాళ్ళు పనిచేయకపోతే పెద్దకొడుకు, బాత్మా మొగుడు కుబాత్ ఆయన్ని జీనుకి కట్టి తీసుకెళ్ళాడు. పైకి చేరాక ఆయన నడిచాడు. ఊళ్ళో కర్ర లేకుండా గుమ్మం దాటలేని మనిషి, అక్కడ ఆడగుర్రాల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు. "ఇంకొక్క రెండు వేసవులు ఇస్తే చాలు దేవుడు, ఎక్కువ అడగను" అని పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నె చేత్తో పట్టుకుని అనేవాడు. ఆయన అడిగింది అంతే.

ఏప్రిల్‌లో మేత జాబితా వచ్చింది. దాన్ని గోడకి అంటించే పని కూడా బాత్మాదే. నాలుగు మూలలా జిగురు రాసి, అరచేత్తో అదిమి, ఒకడుగు వెనక్కి వేసి చదివింది. ఊరివి నలభై రెండు పేర్లే ఉన్నాయి. చోలోక్-తోర్ ఎదురుగా పట్నం మనిషి ఎవరిదో పేరు ఉంది. ఎప్పుడూ విననిది.

జిగురు ఆరకముందే కాగితం పీకి, లోపలికి వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. మామగారిని పిలుచుకొచ్చింది. ఆయన ఒంటివేలితో ఏడు తరాలూ కొట్టాడు. తప్పు అంది. మళ్ళీ కొట్టాడు. తప్పు.

"నా తాతలు తప్పా?" అన్నాడు ముసలాయన తెరవైపు చూసి. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

రెండు రోజుల తరవాత పట్నం వెళ్ళారు. మామ, కోడలు, బండి తోలడానికి కుబాత్. కార్యాలయంలో అద్దం వెనక పాతికేళ్ళు కూడా లేని అమ్మాయి, గోళ్ళకి నీలం రంగు. మంచి పిల్లే. విసుక్కోలేదు. మూడు గదులు తిప్పాక చివరికి ఆమె దగ్గరికే పంపారు.

"మార్చి మూడున మీ ఖాతాలోంచే చీటీ వదులుకున్నారు, ఎజె. ఇష్టపూర్వకంగా అని ఉంది. ఆ రోజే ఫోన్ నంబరు మార్చారు, పాస్‌వర్డ్ మార్చారు."

"మేం మార్చలేదమ్మా. ఎవరో దూరారు."

"దూరారంటే రుజువు కావాలి కదా. పాత నంబరు ఎవరిది?"

"నాదే."

"అయితే మీరే చెప్పాలి. పాత పాస్‌వర్డ్ చెప్పండి. నేను కొట్టి చూస్తాను."

బాత్మా వెనక్కి తిరిగి చూసింది. మామగారు నడవాలో గోడవారన బల్ల మీద కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది.

"మా మామగారు చెప్తారమ్మా. పిలుస్తాను."

"నంబరు మీదైతే మీరే చెప్పాలి. రూలు అలా ఉంది."

"రాసిస్తాను. కాగితమివ్వు."

"రాయకూడదు ఎజె. గోడ మీద చూడండి. పాస్‌వర్డ్ ఎక్కడా రాయకూడదు."

గోడ మీద తన గదిలో ఉన్న కరపత్రమే ఉంది. వెనక వరసలో ఎవరో, "అయిందా పెద్దమ్మా? మాకూ పనులున్నాయి" అన్నారు.

"అమ్మాయ్," అంది బాత్మా అద్దానికి దగ్గరగా వంగి, "నీకు పెళ్ళయిందా?"

ఆ పిల్లకి అర్థమైంది. గోళ్ళు బల్ల మీద ఆడించడం ఆపేసింది. "అయింది ఎజె" అంది మెల్లిగా. "మెల్లిగా చెప్పండి. నాకు వినపడితే చాలు."

బాత్మా మెల్లిగానే మొదలుపెట్టింది. కానీ అద్దానికున్న చిన్న కన్నంలోంచి వినపడక ఆ పిల్ల, "ఏమిటి? ఏమిటి?" అంటూ వచ్చింది. ప్రతి పేరూ రెండుసార్లు, రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మమిర్‌కాన్. బోరుబాయ్. తిలెక్‌మాత్. జోల్చుబెక్. ఎష్‌కోజో. కరిప్‌బాయ్. చెరికె. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నాలిక మీదికి రానివ్వని పేర్లు. బట్టలు లేకుండా బజారులో నిలబడ్డట్టు అనిపించిందావిడకి. అయినా ఏడూ చెప్పింది. చోలోక్-తోర్ వస్తుందంటే ఇంకో ఏడు చెప్పేది.

ఆ పిల్ల కొట్టి చూసింది.

"సరిగ్గా ఉంది ఎజె."

బాత్మాకి ఊపిరి తిరిగింది. "మరి!"

"అదే కష్టం. ఇదే కొట్టి లోపలికి వచ్చారు మార్చిలో. మొదటిసారికే సరిగ్గా కొట్టారు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. తాళం పగలగొట్టినట్టు ఉంటే నేను ఫిర్యాదు రాసేదాన్ని. ఇది తాళంచెవితో తీసినట్టు ఉంది. మీరే వచ్చినట్టు లెక్క. ఈ పాస్‌వర్డ్ మీకు తప్ప ఎవరికీ తెలియదని ఇక్కడ సంతకం కూడా ఉంది. చూడండి."

సంతకం బాత్మాదే. ఖాతా తెరిచిన రోజు పెట్టింది.

"దీని మీద కోర్టుకి వెళ్ళొచ్చు," అంది ఆ పిల్ల, "కానీ వేసవి అయిపోతుంది. పోయినేడు ఒకాయన వెళ్ళాడు. ఇంకా తిరుగుతున్నాడు." "ఇంత పొడుగు పాస్‌వర్డ్ నేనెప్పుడూ చూడలేదు ఎజె. ఎంత బాగుందో" అంది. ఓదార్చడానికే అంది పాపం.

నడవాలోకి వచ్చేసరికి మామగారు టోపీ పెట్టుకుని లేచి నిలబడ్డాడు. చెవుడు ఉన్న మనిషే. విన్నాడో లేదో బాత్మాకి తెలియలేదు. ఆయన కోడలి ముఖంలోకి చూడలేదు. "పద అమ్మా, కుబాత్ ఎదురు చూస్తుంటాడు" అన్నాడు అంతే. అమ్మాయ్ అనే మనిషి, ఆ రోజు అమ్మా అన్నాడు.

దారిలో బండి నడుపుతూ కుబాత్ వేళ్ళు మడిచి లెక్క పెడుతున్నాడు. సతార్‌కుల్ అన్నదమ్ములు ముగ్గురు. ముగ్గురికీ తండ్రి ఒకడే, తాతలు వాళ్ళే. అంటే ముగ్గురి తాళం ఒక్కటే. వాళ్ళ కొడుకులు పదకొండు మంది. ప్రతి ఒక్కడి తాళంలో మొదట వాడి తండ్రి పేరు చేరుతుంది, చివరిది రాలిపోతుంది, మిగతా ఆరూ ఇవే. ఆ పైన పాలివాళ్ళు. విందులో లేచి నిలబడి గొంతెత్తి చెప్పేవే ఈ పేర్లు. కరపత్రం చెప్పిన ప్రతి మాటకీ ఎదురుగా వెళ్ళామని బాత్మాకి బండి వెనక సీట్లో కూర్చుని ఒక్కొక్కటిగా తెలిసి వచ్చింది. ఇద్దరు ఒకటే పెట్టుకోకూడదంది, ఊరంతా పెట్టుకున్నారు. ఎవరికీ చెప్పకూడదంది, చెప్పడమే ఇక్కడ మర్యాద. కళ్ళద్దాల దొంగకి ఈ పేర్లు తెలియవన్నది నిజమే. తెలిసినవాళ్ళందరూ మనవాళ్ళే.

"కాదుర్‌బెక్ గాడు శీతాకాలం పట్నంలో ఎవరితోనో తిరిగాడు," అన్నాడు కుబాత్. కాదుర్‌బెక్ అతని చిన్నాన్న కొడుకు. "కొత్త బండి కూడా కొన్నాడు. వాడే. నేను ఇవాళే వెళ్ళి..."

"బండి ఆపు" అన్నాడు సతార్‌కుల్.

కుబాత్ ఆపాడు. ముసలాయన ముందుకే చూస్తూ మాట్లాడాడు.

"నువ్వు ఎవరి దగ్గరికీ వెళ్ళవు. ఎవర్నీ అడగవు."

"అతా, కొండ పోయింది!"

"కొండ పోయింది, నాకు తెలుసు. అడిగితే వాడు కాదంటాడు. కాదంటే నువ్వు నమ్మవు. అవునంటే ఏం చేస్తావు? చంపుతావా? రేపు నేను పోతే నా నలుగురిలో ఒకడు వాడే. కొండా పోయి, వాడూ పోతే నన్ను మోసేది ఎవరు? పోనివ్వు బండి."

ఆ తరవాత ఆ మాట ఆ ఇంట్లో ఎత్తలేదు. ఎత్తకపోతే పోయే మాట కాదది. కాదుర్‌బెక్ ఎప్పటిలాగే వచ్చాడు, ఎప్పటిలాగే టీ తాగాడు. బాత్మా గిన్నె అందిస్తూ అతని వేళ్ళవైపు చూసింది. మామూలు వేళ్ళు. అతను కాకపోవచ్చు. మిగిలినవాళ్ళలో ఎవరైనా కావచ్చు. తరవాత అతని తమ్ముడు వచ్చాడు. అతని వేళ్ళు కూడా చూసింది. వచ్చిన ప్రతివాడి వేళ్ళూ చూడటం అలవాటైపోయింది ఆవిడకి. అలా చూస్తున్నందుకు తన మీద తనకే రోత పుట్టేది.

ఊరికి తెలియడానికి ఒక్క రోజు పట్టింది. మర్నాటి నుంచి మూలగది ముందు మళ్ళీ వరస. ఈసారి నవ్వుల్లేవు. కరపత్రంలో ఉన్నది ఉన్నట్టు చేసింది బాత్మా. అర్థం లేని అక్షరాలు, మధ్యలో అంకెలు, ఒకరిది ఒకరికి కలవకుండా. ఎలా పెట్టుకోవాలో చెప్పి, ఆవిడ గోడవైపు తిరిగి నిలబడేది. వెనక నుంచి మీటల చప్పుడు వినపడేది.

షేషెన్ తన అన్నతో కలిసి వచ్చాడు. యాభై ఏళ్ళుగా ఒకే కంచంలో తిన్నవాళ్ళు. తన వంతు రాగానే షేషెన్ తలమీది తెల్ల కాల్పాక్ టోపీ తీసి, మీటల మీద కప్పి, దాని కింద చెయ్యి పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏరా, ఎవర్నుంచి దాస్తున్నావు?" అన్నాడు అన్న.

"ఎవరినుంచీ కాదు."

"ఈ గదిలో ఉన్నది నేనూ, ఈవిడాను. ఈవిడ గోడ చూస్తోంది."

"అందరూ దాచుకోవాలని కాగితంలోనే ఉందిగా అన్నా."

"ఉంది, ఉంది" అని అన్న బయటికి వెళ్ళిపోయాడు. గుర్రం ఎక్కుతున్న చప్పుడు వినపడింది. ఇద్దరూ ఒకే గుర్రం మీద వచ్చారు.

షేషెన్ పని ముగించి టోపీ పెట్టుకుని, పొయ్యి దగ్గర కూర్చోకుండానే, "ఎజె," అన్నాడు. తనకన్నా చిన్నదాన్ని ఎప్పుడూ ఎజె అనలేదాయన. "నీ మీద నాకేం లేదు. నువ్వు మంచికే చేశావు. కానీ నా పాతది నీకు తెలుసు కదా. అందరివీ తెలుసు కదా. మా ఆవిడ ఒకటి అడగమంది. అడిగాననుకో, అడగలేదనుకో."

"అడగండి."

"ఏం లేదులే" అని వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్న ఆయన మింగేశాడు కానీ, దానికి జవాబు చెప్పే అవకాశం కూడా ఆవిడకి లేకుండా పోయింది. తన మామగారి కొండని తనే అమ్ముకుందా అని ఊరు అడగదు. అడగకుండా అనుకుంటుంది. మామగారు అలా అనుకోడు, అది ఆవిడకి తెలుసు. అది తెలిసినందువల్ల ఒరిగిందేమీ లేదు.

మే నెలలో బాత్మా ఇంకా రెండుసార్లు పట్నం వెళ్ళింది. ఒకసారి నీలం గోళ్ళ పిల్ల సెలవులో ఉంది. రెండోసారి ఆ పట్నం మనిషి చిరునామా సంపాదించి వెళితే, గేటు దగ్గర కాపలావాడు, "ఆయన రాజధానిలో ఉంటారు. ఆయనకి ఇలాంటి కొండలు తొమ్మిది ఉన్నాయి. ఏ కొండ గురించి?" అన్నాడు. చెప్పి వచ్చింది. ఎవరూ ఫోన్ చేయలేదు.

వేరే మేత దొరకలేదు. మిగిలినవి ఊరి దగ్గరి బోడి కొండలు. వాటి మీద రెండు వారాలకి గడ్డి అయిపోతుంది. గొర్రెల్ని మే చివరి ఆదివారం సంతలో అమ్మేశారు. మేత లేనివాడి గొర్రెని ఎవడు ధర పెట్టి కొంటాడు. వచ్చినకాడికి ఇచ్చేశారు. ఆడగుర్రాలు పన్నెండింటిని మాత్రం ముసలాయన ఇంకో వారం ఇంకో వారమంటూ ఆపాడు. చివరికి వాటినీ అమ్మకానికి తీసుకుపోవడానికి జూన్ పన్నెండుకి లారీ మాట్లాడారు.

జూన్ ఎనిమిది నుంచి ఊరు కొండెక్కడం మొదలైంది. ఏటా ఊరంతా ఒకరి వెనక ఒకరు కలిసి వెళ్ళేది. ఈసారి ఎవరికి వీలైన రోజు వాళ్ళు, ఎవరికీ చెప్పకుండా కదిలారు. గుడారం కర్రలు కట్టిన గుర్రాలు, వాటి వెనక దుమ్ము, గొర్రెల అరుపులు. సతార్‌కుల్ ఇంటి ముందు నుంచే దారి. వెళ్ళేవాళ్ళు అటువైపు చూడకుండా గుర్రాల్ని అదిలించారు. చూస్తే ఆగాలి, ఆగితే ఏదో ఒకటి అనాలి.

పదకొండో తారీఖు పొద్దున బాత్మా పాలు పితకడానికి వెళ్ళేసరికి ఆడగుర్రాలు గడ్డి ముట్టకుండా కంచె గేటు దగ్గర గుంపుగా నిలబడి ఉన్నాయి. పన్నెండూ పైకి వెళ్ళే దారివైపే ముఖాలు పెట్టి. నాలుగు రోజులుగా పక్క మందలు పోతుంటే చూస్తున్నాయి. పెద్దది ముందుకాలితో గేటుని తడుతోంది.

ముసలాయన కర్ర పట్టుకుని గడపలోకి వచ్చాడు.

"వెళ్ళే రోజు వాటికి తెలుసమ్మా" అన్నాడు.

"అవును అతా."

"గేటు తీసేస్తే సరాసరి అక్కడికే పోతాయి. తోలేవాడు అక్కర్లేదు."

"తియ్యనా?"

ఆవిడ నిజంగానే అడిగింది. చెయ్యి గడియ మీద ఉంది. ముసలాయన కొండవైపు చూశాడు. పైన మంచు వెనక్కి పోయి, పచ్చదనం గీతలా కనపడుతోంది.

"పోతే అక్కడ వేరేవాడి మనుషులు ఉంటారు" అన్నాడు. "కొట్టి తోలేస్తారు. ఎందుకు కొట్టారో వాటికి తెలియదు పాపం."

కర్రతో కొట్టం వైపు చూపి, "కొట్టంలోకి తోలెయ్. కనపడకుండా ఉంటే గడ్డి తింటాయేమో" అన్నాడు.

బాత్మా గడియ మీది చెయ్యి తీసి, పెద్దదాని మెడ పట్టుకుని వెనక్కి తిప్పింది. అది తిరగలేదు. కుబాత్‌ని కేకేసింది. ఇద్దరూ కలిసి ఒక్కొక్కదాన్నీ తోసి, లాగి, కొట్టంలో పెట్టేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి దారి మీద దుమ్ము కూడా అణిగిపోయింది.